డి విటమిన్: ఎండలొచ్చాక ఆపెయ్యాలా?

ఏటా అక్టోబరు మొదలయ్యేసరికి ఒక ప్రశ్న, ఏప్రిల్ వచ్చేసరికి దానికి జంటగా మరొక ప్రశ్న నాకు ఎదురవుతుంటాయి. "డి విటమిన్ మాత్రలు ఇంక మొదలుపెట్టాలా?" అన్నది మొదటిది. "ఎండలొచ్చాయి కదా, ఇంక మానెయ్యవచ్చా?" అన్నది రెండవది. నేను ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలో ఇరవై ఏళ్ళకు పైగా వైద్యవృత్తిలో ఉన్నాను. ఈ ప్రశ్నలు ఆసుపత్రిలో రోగులకన్నా ఉగాది సభల్లో, పుట్టినరోజు విందుల్లో మనవాళ్ళే ఎక్కువగా అడుగుతారు. చాలాకాలం నేను కూడా తేలికగా "ఆఁ, వేసుకోండి, నష్టమేముంది?" అనేవాణ్ణి.

ఆ మాట అనడం మానేసింది మా పిన్ని వల్ల.

ఆమె కృష్ణా జిల్లాలో ఉంటుంది. డెబ్భై దాటిన మనిషి. మోకాళ్ళ నొప్పులని రక్తపరీక్ష చేయించుకుంటే డి విటమిన్ తక్కువగా ఉందని తేలింది. వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలపాటు వేసుకొమ్మని అరవై వేల యూనిట్ల పొడి పొట్లాలు రాసిచ్చారు. నొప్పులు కాస్త తగ్గినట్టు అనిపించింది. వారానికి ఒక పొట్లమే ఇంత మేలు చేస్తే, ఇంకొంచెం తరచుగా వేసుకుంటే ఇంకెంత మేలో అనుకుంది. రోజు విడిచి రోజు పాలల్లో కలుపుకుని తాగడం మొదలుపెట్టింది. మందుల కొట్లో చీటీ అడగలేదు. నేను ఫోను చేసినప్పుడు "ఆ పొడి ఇంకా వేసుకుంటున్నాన్రా అబ్బాయ్" అని ఆమె చెప్పింది కూడా. "మంచిదే పిన్నీ, వేసుకో" అన్నాను నేను. ఎన్నాళ్ళకొకటి అని అడగలేదు. ఆరు నెలలు గడిచేసరికి తీరని దాహం, మలబద్ధకం, అన్నం సయించకపోవడం మొదలయ్యాయి. చివరికి మనుషుల్ని గుర్తుపట్టడంలో తికమకపడే స్థితిలో ఆసుపత్రిలో చేర్చారు. రక్తంలో కాల్షియం ప్రమాదకరమైన స్థాయికి చేరుకుంది. దానికి తోడు బి.పి. కోసం ఆమె వేసుకునే మాత్ర మూత్రంలో కాల్షియం పోకుండా ఆపే థయాజైడ్ తరగతిది. పిన్ని కోలుకుంది కానీ, ఆమె మూత్రపిండాలు మునుపటి స్థితికి పూర్తిగా రాలేదు.

ఇది చదివి "అయితే డి విటమిన్ జోలికే పోకూడదు" అనుకుంటే అది కూడా పొరపాటే. ఇక్కడ మన పిల్లల్లో, గర్భిణుల్లో, ఇల్లు కదలని పెద్దవాళ్ళలో ఈ లోపాన్నీ, దానివల్ల మెత్తబడిన ఎముకలనూ నేను చూశాను. నిజానికి "ఏడాది పొడుగునా వేసుకోవాలా?" అన్న ఒక్క ప్రశ్నలో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఎన్నాళ్ళు అన్నది ఒకటి, ఎంత అన్నది మరొకటి. వీటిని విడదీసి చూస్తే జవాబు అంత కష్టం కాదు.

మన నీడ చెప్పే లెక్క

నేను తెలుగు మాధ్యమంలో చదువుకున్నాను. ఎ విటమిన్ లోపిస్తే రేచీకటి, సి లోపిస్తే స్కర్వీ, డి లోపిస్తే రికెట్స్ అని పట్టిక వేసి వల్లెవేయించిన తరం మాది. డి విటమిన్ ఉదయపు లేత ఎండలో దొరుకుతుందని కూడా అప్పుడే నేర్చుకున్నాం. మన ఇళ్ళలో బాలింతలు పసిపిల్లలకు నూనె రాసి పొద్దుటి నీరెండలో పడుకోబెట్టడం చూశాం. ఆ ఆచారంలో ఆప్యాయత ఉంది, వెచ్చదనం ఉంది. డి విటమిన్ మాత్రం చాలా తక్కువ.

కారణం ఇదీ. మన చర్మంలో 7-డీహైడ్రోకొలెస్టరాల్ అనే పదార్థం ఉంటుంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాల్లో సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గలవి, అంటే 'బి' రకానికి చెందినవి, దాన్ని తాకినప్పుడు అది డి విటమిన్‌గా మారే ప్రక్రియ మొదలవుతుంది. వాతావరణంలోని ఓజోన్ పొర ఈ కిరణాలను పీల్చుకుంటుంది. సూర్యుడు నడినెత్తిన ఉంటే కిరణాలు ఆ పొరను నిట్టనిలువుగా దాటుతాయి కాబట్టి కొన్నైనా నేలకు చేరతాయి. సూర్యుడు వాలుగా ఉంటే అవి ఎక్కువ దూరం ఆ పొరలోనే ప్రయాణించి దాదాపు అన్నీ అక్కడే ఆగిపోతాయి. వెలుతురు ఉంటుంది, వెచ్చదనం ఉంటుంది, కావలసిన కిరణాలు మాత్రం ఉండవు.

దీనికి పరికరాలేవీ అక్కరలేని ఒక కొండగుర్తు ఉంది. ఎండలో నిలబడినప్పుడు మన నీడ మన ఎత్తుకన్నా పొట్టిగా ఉంటే, అంటే సూర్యుడు 45 డిగ్రీలకన్నా పైన ఉంటే, డి విటమిన్ బాగా తయారయ్యే అవకాశం ఉంది. నీడ మనకన్నా పొడుగ్గా ఉంటే ఆ అవకాశం త్వరత్వరగా తగ్గిపోతుంది.

ఈ గుర్తుతో మనవాళ్ళు నివసించే ఊళ్ళను పోల్చి చూద్దాం. విజయవాడ ఉత్తర అక్షాంశం 16.5 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడ డిసెంబరు నెలాఖరులో కూడా మిట్టమధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఏడాదిలో ఏ రోజైనా మధ్యాహ్నపు నీడ మనిషికన్నా పొట్టిదే. కౌలాలంపూర్‌లో సరేసరి. దుబాయిలో డిసెంబరులో కొద్దిగా పొడుగవుతుంది. డాలస్‌లో డిసెంబరు మధ్యాహ్నపు నీడ మనిషికి ఒకటిన్నర రెట్లుంటుంది. బోస్టన్‌లో రెండు రెట్లు దాటుతుంది. మాంచెస్టరులో సూర్యుడు అప్పుడు 13 డిగ్రీలకు మించి లేవడు కాబట్టి నీడ మనిషికి నాలుగు రెట్లకు పైగా సాగుతుంది. నడివేసవిని మధ్యలో ఉంచి లెక్క వేస్తే, మాంచెస్టరులో మధ్యాహ్నపు నీడ మనకన్నా పొట్టిగా ఉండేది ఏప్రిల్ మధ్య నుంచి ఆగస్టు చివరిదాకా మాత్రమే.

ఇది కేవలం జ్యామితి కాదు. 1988లో బోస్టన్ పరిశోధకులు ఈ విషయాన్ని ప్రయోగంలో నిరూపించారు. బోస్టన్ ఎండకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా డి విటమిన్ తయారు చేసే శక్తి లేదని, ఇంకా ఉత్తరాన కెనడాలోని ఎడ్మంటన్‌లో ఈ గడువు అక్టోబరు నుంచి మార్చి దాకా సాగుతుందని తేలింది. లాస్ ఏంజెలస్‌లో మాత్రం చలికాలంలో కూడా అది తయారైంది.

వేసవిలో దాచుకోవడం

మరి చలికాలంలో అసలు తయారే కాకపోతే ఉత్తర దేశాల మనుషులందరికీ రికెట్స్ ఎందుకు రాలేదు? డి విటమిన్ కొవ్వులో కరుగుతుంది కనుక కొంత నిల్వ ఉంటుంది. కాలేయంలో అది 25-హైడ్రాక్సీ విటమిన్ డి గా మారి రక్తంలో తిరుగుతుంది. పరీక్షలో కొలిచేది దీన్నే. రక్తంలో ఇది సగానికి తగ్గడానికి రెండు మూడు వారాలు పడుతుంది. వేసవిలో బాగా కూడబెట్టుకున్న వాళ్ళు, గాదెలో ధాన్యం దాచుకున్న రైతులాగా, చలికాలాన్ని ఎలాగోలా గట్టెక్కుతారు.

బ్రిటన్‌లోని ప్రసిద్ధమైన సలహా ఈ లెక్కమీదే నిలబడి ఉంది. 2016 జులైలో అక్కడి పోషకాహార శాస్త్ర సలహా సంఘం తన నివేదిక ప్రకటించింది. దాని ఆధారంగా ప్రజారోగ్య శాఖ ఇచ్చిన సలహా ఇది: శరత్కాలంలో, చలికాలంలో అందరూ రోజుకు 10 మైక్రోగ్రాముల డి విటమిన్ తీసుకోవడం గురించి ఆలోచించాలి. వేసవిలో అధిక సంఖ్యాకులకు ఎండ సరిపోతుంది.

మనవాళ్ళు సాధారణంగా ఇక్కడితో చదవడం ఆపేస్తారు. కానీ అదే సలహాలో మరొక వాక్యం ఉంది. ఆఫ్రికా, కరీబియన్, దక్షిణాసియా మూలాలున్న నల్లని, గోధుమ వన్నె చర్మం గలవారూ, ఎక్కువ సమయం ఇంట్లోనే ఉండేవారూ, బయటికి వెళ్ళినప్పుడు ఒళ్ళంతా కప్పుకునేవారూ ఏడాది పొడుగునా తీసుకోవడం గురించి ఆలోచించాలని ఆ వాక్యం సారాంశం. అంటే "ఏప్రిల్‌లో ఆపెయ్యండి" అన్న మాట మనల్ని ఉద్దేశించి చెప్పింది కాదు.

దీని వెనక ఆధారం ఉంది. మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అతినీలలోహిత కిరణాలను పీల్చుకుంటుంది. మన తాతముత్తాతలు పొలాల్లో మండుటెండల్లో పనిచేసేటప్పుడు అది గొడుగులా వాళ్ళను కాపాడింది. మాంచెస్టరు మబ్బుల కింద కూడా ఆ గొడుగు తెరుచుకునే ఉంటుంది. 2011లో మాంచెస్టరు పరిశోధకులు దక్షిణాసియా మూలాలున్న 15 మంది మీద ఒక ప్రయోగం చేశారు. బ్రిటన్ వేసవి ఎండను పోలిన కాంతిని, అక్కడ సిఫారసు చేసే మోతాదులో, వారానికి మూడుసార్లు చొప్పున ఆరు వారాలపాటు వాళ్ళ చర్మంపై ప్రసరింపజేశారు. రక్తంలో డి విటమిన్ కొంత పెరిగింది. అయినా ఒక్కరు కూడా మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల స్థాయిని అందుకోలేదు. అంతకు ముందు ఇదే ప్రయోగాన్ని తెల్లవాళ్ళ మీద చేసినప్పుడు పదిమందిలో తొమ్మిదిమంది ఆ స్థాయిని దాటారు. మనవాళ్ళు మొదలుపెట్టిన స్థాయి కూడా తక్కువే అన్నది ఇక్కడ గమనించాలి. ఇంగ్లండు దక్షిణాన సర్రేలో స్త్రీలను నాలుగు ఋతువుల్లోనూ పరీక్షించిన మరొక అధ్యయనంలో తెల్లవారి స్థాయి వేసవిలో పెరిగి చలికాలంలో పడిపోయింది. దక్షిణాసియా స్త్రీల స్థాయి మాత్రం ఏడాదంతా అడుగునే ఉండిపోయింది.

చలికాలంలో మాత్రమే వేసుకొమ్మనే సలహాకు పునాది వేసవి నిల్వ. గాదె నిండని ఇంట్లో ఆ సలహాకు అర్థం లేదు. ఉత్తర దేశాల్లో, ఆఫీసుల్లో పనిచేసుకుంటూ బతికే మనలో చాలామందికి ఋతువుతో నిమిత్తం లేకుండా చిన్న మోతాదు ఎందుకు అవసరమో చెప్పే ప్రధాన కారణం ఇదే.

గ్లాస్గోలో జరిగింది

ఇది ఊహాజనితమైన ప్రమాదం కాదు. పదిహేడవ శతాబ్దంలోనే ఇంగ్లండులో రికెట్స్ ఎంత ప్రబలంగా ఉండేదంటే, 1650లో ఫ్రాన్సిస్ గ్లిసన్ దాని మీద ఒక పూర్తి గ్రంథమే రాశాడు. పారిశ్రామిక నగరాల పొగమబ్బుల కింద అది మరింత ముదిరింది. 1919లో బెర్లిన్‌లో కర్ట్ హల్డ్‌షిన్‌స్కీ పాదరసపు దీపం వెలుగుతో రికెట్స్ నయం చేసి చూపాడు. 1922లో అమెరికాలో మెకాలమ్ కాడ్ చేప నూనెలో రికెట్స్‌ను నయం చేసే పదార్థాన్ని ఎ విటమిన్ నుంచి వేరుగా గుర్తించాడు. అప్పటికే ఎ, బి, సి లు అయిపోయాయి కాబట్టి దానికి డి అన్న పేరు వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఈ జబ్బు బ్రిటన్‌లో దాదాపుగా కనుమరుగయిందనుకున్నారు.

1962లో గ్లాస్గోకు చెందిన డన్నిగన్ అనే వైద్యుడు అక్కడి పాకిస్తానీ కుటుంబాల్లో రికెట్స్, ఆస్టియోమలేషియా కేసులను ప్రచురించాడు. ఆస్టియోమలేషియా అంటే పెద్దవాళ్ళలో ఎముకలు ఖనిజాలను కోల్పోయి మెత్తబడడం. తరువాతి రెండు దశాబ్దాల్లో భారత ఉపఖండం నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువగా ఉన్న పలు నగరాల్లో ఇదే కనిపించింది. ముదురు రంగు చర్మం, ఉత్తరాది ఆకాశం, ఇంటిపట్టున ఉండే జీవితంతోపాటు ఆహారానికి కూడా ఇందులో పాత్ర ఉందని, మాంసం తినని కుటుంబాల్లో ప్రమాదం ఎక్కువని డన్నిగన్ బృందం గమనించింది. 1979లో గ్లాస్గోలో ఆసియా పిల్లలకు తక్కువ మోతాదు డి విటమిన్ ఉచితంగా పంచడం మొదలుపెట్టారు. కొద్ది సంవత్సరాల్లోనే రికెట్స్‌తో ఆసుపత్రిలో చేరే పిల్లల సంఖ్య బాగా తగ్గింది.

గమనించవలసిన విషయం ఏమిటంటే, ఆ ఫలితం సాధించింది చిన్న మోతాదు. అది క్రమం తప్పకుండా అందడం ముఖ్యమైంది. పెద్ద మోతాదు అవసరం రాలేదు.

స్వదేశంలో ఎండ పుష్కలం కదా, మరి మా పిన్నికి ఎందుకు తగ్గిందన్న సందేహం కలగవచ్చు. తిరుపతిలో వైద్య పరిశోధకులు పట్టణవాసులనూ చుట్టుపక్కల పల్లెల రైతుకూలీలనూ పోల్చి 2007లో ఫలితాలు ప్రచురించారు. పొలంలో పనిచేసేవాళ్ళ స్థాయి పట్టణవాసులకన్నా మెరుగ్గా ఉంది. అయినా లోపం రెండుచోట్లా కనిపించింది. రెండుచోట్లా ఆహారంలో కాల్షియం తక్కువ. దాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు ఎక్కువ. ఆకాశంలో ఎండ ఉండడం వేరు, అది చర్మం మీద పడడం వేరు. గల్ఫ్ దేశాల్లో ఎయిర్ కండిషన్ గదిలోంచి ఎయిర్ కండిషన్ కారులోకి నడిచే మన ఉద్యోగులకూ ఇదే వర్తిస్తుంది. అద్దం 'బి' రకం కిరణాలను ఆపేస్తుంది కాబట్టి కారు కిటికీలోంచి పడే ఎండ ఈ లెక్కలోకి రాదు.

ఎంత అన్నది రెండవ ప్రశ్న

ఇక్కడే ఎక్కువ గందరగోళం ఉంది. దానికి సగం కారణం కొలతలు. డి విటమిన్‌ను రెండు రకాలుగా కొలుస్తారు. ఒక మైక్రోగ్రాము 40 అంతర్జాతీయ యూనిట్లకు సమానం. బ్రిటన్ చెప్పే 10 మైక్రోగ్రాములంటే 400 యూనిట్లు. మన దేశంలో దొరికే అరవై వేల యూనిట్ల పొట్లంలో 1,500 మైక్రోగ్రాములు ఉంటాయి. అంటే ఒక్క పొట్లం 150 రోజుల మాత్రలకు సమానం. పిన్ని రెండు రోజులకొకసారి అయిదు నెలల మోతాదు మింగింది.

రక్తపరీక్షలో కూడా ఇలాంటి చిక్కే ఉంది. బ్రిటన్‌లో ఫలితాన్ని లీటరుకు నానోమోళ్ళలో ఇస్తారు. భారతదేశంలో, అమెరికాలో మిల్లీలీటరుకు నానోగ్రాముల్లో ఇస్తారు. నానోగ్రాముల అంకెను రెండున్నరతో గుణిస్తే నానోమోళ్ళు వస్తాయి. హైదరాబాదు పరీక్షలో 20 వచ్చిన మనిషికి మాంచెస్టరులో 50 వస్తుంది. ఈ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టుకుని, విమానం దిగేలోగా రెండున్నర రెట్లు పెరిగిందని సంతోషించినవాళ్ళూ, తిరుగు ప్రయాణంలో సగానికి పైగా పడిపోయిందని కంగారుపడినవాళ్ళూ నాకు తెలుసు.

ఎంత ఉంటే చాలు? అమెరికా వైద్య సంస్థ 2010 చివర్లో విడుదల చేసిన నివేదిక ప్రకారం 20 నానోగ్రాములు ఉంటే దాదాపు అందరికీ ఎముకల ఆరోగ్యానికి సరిపోతుంది. అందుకు పెద్దలకు 70 ఏళ్ళ వరకు రోజుకు 600 యూనిట్లు, ఆ పైన 800 యూనిట్లు కావాలి. ఇది ఆహారంలో దొరికేదానితో కలుపుకుని వేసిన లెక్క. వైద్యుల పర్యవేక్షణ లేకుండా దాటకూడని గరిష్ఠ పరిమితి రోజుకు 4,000 యూనిట్లు. బ్రిటన్‌లోనూ ఇదే పరిమితి. ఆ తరువాత 2011లో అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 30 నానోగ్రాములు ఉండాలని ప్రకటించడంతో, అంతవరకు ఆరోగ్యవంతులుగా ఉన్న కోట్లాది మంది ఒక్కసారిగా లోపం ఉన్నవాళ్ళ జాబితాలో చేరిపోయారు. అదే సొసైటీ 2024లో ఆ లక్ష్యాన్ని వదులుకుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఊరికే పరీక్ష చేయించనక్కరలేదని కూడా చెప్పింది. మన దేశంలోని పరీక్షా కేంద్రాలు ఇచ్చే కాగితాల్లో చాలావాటిమీద మాత్రం 30 అన్న గీత ఇంకా అలాగే ఉంది. 24 వచ్చిన మనిషి పక్కన ఎర్ర అక్షరాలు కనబడితే నిద్రపట్టదు.

ఎక్కువైతే మంచిదేనా?

గుండెజబ్బులు, క్యాన్సరు, మధుమేహం, కుంగుబాటు వంటి జబ్బులున్న వాళ్ళలో డి విటమిన్ తక్కువగా ఉంటుందని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. కానీ జబ్బుపడ్డ మనిషి బయటికి వెళ్ళడు. ఎండ తగలదు. ఊబకాయం ఉంటే రక్తంలో దీని స్థాయి తక్కువగా కనిపిస్తుంది. తక్కువ డి విటమిన్ జబ్బుకు కారణమా, జబ్బువల్ల కలిగిన ఫలితమా అన్నది అలాంటి అధ్యయనాలతో తేలదు. సగం మందికి మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూడాలి.

అమెరికాలో వైటల్ పేరుతో అలాంటి ప్రయోగం జరిగింది. 25,871 మందికి, రోజుకు 2,000 యూనిట్లు లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి అయిదేళ్ళకు పైగా గమనించారు. 2018లో వెలువడిన ఫలితాల్లో క్యాన్సరు తగ్గలేదు, గుండెపోటు తగ్గలేదు. 2022లో వెలువడిన విశ్లేషణలో ఎముకలు విరగడం కూడా తగ్గలేదు. అయితే వాళ్ళలో చాలామందికి మొదటినుంచీ డి విటమిన్ చాలినంత ఉంది. సగటు 30 నానోగ్రాములు దాటింది. నిండిన బిందెలో పోసిన నీళ్ళు పొర్లిపోతాయి. కనుక ఈ ప్రయోగం చెప్పేది ఖాళీ బిందె గురించి కాదు. లోపం లేనివాళ్ళకు అదనంగా ఇస్తే అదనపు మేలు లేదని మాత్రమే.

మేలు లేకపోవడం ఒక ఎత్తు, కీడు జరగడం మరొక ఎత్తు. ఆస్ట్రేలియాలో డెబ్భై దాటిన 2,256 మంది స్త్రీలతో జరిగిన ప్రయోగంలో, సగం మందికి ఏడాదికొకసారి అయిదు లక్షల యూనిట్లు ఒకేసారి ఇచ్చారు. 2010లో ఫలితాలు వచ్చాయి. మందు వేసుకున్నవాళ్ళే ఎక్కువగా పడిపోయారు, వాళ్ళ ఎముకలే ఎక్కువగా విరిగాయి. కెనడాలోని కాల్గరీలో 311 మంది ఆరోగ్యవంతులకు మూడేళ్ళపాటు రోజుకు 400, 4,000, 10,000 యూనిట్ల చొప్పున మూడు మోతాదులు ఇచ్చారు. 2019లో ప్రచురించిన ఫలితాల ప్రకారం పెద్ద మోతాదులు తీసుకున్నవాళ్ళ ముంజేతి ఎముక సాంద్రత, 400 తీసుకున్నవాళ్ళకన్నా తక్కువగా ఉంది.

ఎండవల్ల డి విటమిన్ విషమించదు. ఎక్కువైనదాన్ని ఆ ఎండే చర్మంలో నిష్ప్రయోజనమైన పదార్థాలుగా మార్చేస్తుంది. నోటితో మింగినదానికి ఆ అడ్డుకట్ట లేదు. కొవ్వులో పేరుకుంటుంది. మందు మానేసిన తరువాత కూడా వారాలు, నెలల తరబడి కాల్షియాన్ని పెంచుతూనే ఉంటుంది. పిన్ని ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక కూడా కాల్షియం పరీక్షలు కొన్నాళ్ళు కొనసాగింది అందుకే.

చికిత్స, పోషణ

ఈ రెండు మాటల మధ్య తేడా తెలిస్తే చాలావరకు దారి దొరికినట్టే. నిజమైన లోపం ఉన్నవాళ్ళకు చికిత్స చేస్తారు. బ్రిటన్‌లో సాధారణంగా ఆరు నుంచి పది వారాల్లో మొత్తం సుమారు మూడు లక్షల యూనిట్లు ఇస్తారు. దానికి మొదలూ చివరా ఉంటాయి. చికిత్స ముగిసిన తరువాత చిన్న మోతాదు పోషణ మొదలవుతుంది. దానికి చివర ఉండనక్కరలేదు. చికిత్స మోతాదును పోషణలా ఏళ్ళ తరబడి సాగదీయడం వల్లనే ప్రమాదం వస్తుంది. వారానికొక అరవై వేల పొట్లమే అయినా సగటున రోజుకు 8,500 యూనిట్లు దాటుతుంది. అది గరిష్ఠ పరిమితికి రెట్టింపుకన్నా ఎక్కువ.

కాబట్టి నన్ను అడిగేవాళ్ళకు ఇప్పుడు ఇలా చెబుతున్నాను.

బ్రిటన్, ఐర్లండ్, కెనడా, ఉత్తర ఐరోపా, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో ఉండే మనవాళ్ళు రోజుకు 400 నుంచి 800 యూనిట్ల మాత్రను ఏడాది పొడుగునా వేసుకోవడం సబబు. ఏప్రిల్‌లో ఆపనక్కరలేదు. ముందుగా రక్తపరీక్ష కూడా అక్కరలేదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇది మరీ ముఖ్యం. తల్లిపాలు తాగే శిశువులకు పుట్టినప్పటి నుంచి చుక్కల రూపంలో ఇవ్వాలి. అమెరికాలో పిల్లల వైద్యులు చెప్పే మోతాదు రోజుకు 400 యూనిట్లు. నీరెండను ఈ లెక్కలో నమ్ముకోకూడదు.

అమెరికా దక్షిణ రాష్ట్రాలు, గల్ఫ్, మలేసియాల్లో ఋతువుకన్నా దినచర్య ముఖ్యం. మధ్యాహ్నం చేతులూ ముఖమూ ఎండకు చూపే అలవాటు ఉంటే మాత్ర అవసరం రాకపోవచ్చు. లేకపోతే పైన చెప్పిన చిన్న మోతాదే చాలు. అమెరికాలో పాలల్లో డి విటమిన్ కలిపి అమ్ముతారు. బ్రిటన్‌లో మామూలు పాలల్లో కలపరు. అమెరికా నుంచి ఇక్కడికి మారిన కుటుంబాలు ఈ తేడాను గమనించాలి.

శాకాహారులు సీసా మీద చూడవలసింది ఒకటుంది. డి3 సాధారణంగా గొర్రె ఉన్నిలోని కొవ్వు నుంచి తీస్తారు. గుళిక తొడుగు జెలటిన్‌ది కావచ్చు. నాచులాంటి లైకెన్ నుంచి తీసిన డి3, ఈస్టు నుంచి తీసిన డి2 కూడా దొరుకుతాయి. ఇక కాల్షియం లేకుండా డి విటమిన్ ఒక్కటే ఎముకను కట్టలేదు. పెరుగు, మజ్జిగ, రాగిసంకటి మన వంటింట్లో ఉన్నవే. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది.

పరీక్ష ఎవరికి కావాలి? ఒళ్ళంతా ఎముకల నొప్పులున్నవాళ్ళకు, నేలమీద కూర్చుంటే లేవలేనంతగా లేదా మెట్లెక్కలేనంతగా తొడల్లో బలం తగ్గినవాళ్ళకు, చిన్న దెబ్బకే ఎముక విరిగినవాళ్ళకు, పేగుల్లో పోషకాలు ఒంటికి పట్టని జబ్బులున్నవాళ్ళకు, మూర్ఛకు కొన్ని రకాల మందులు వాడేవాళ్ళకు. మూత్రపిండాల జబ్బు, మూత్రంలో రాళ్ళు, సార్కాయిడోసిస్, క్షయ, పారాథైరాయిడ్ గ్రంథి సమస్యలు ఉన్నవాళ్ళూ, థయాజైడ్ లేదా డిగాక్సిన్ మాత్రలు వాడేవాళ్ళూ మాత్రం చిన్న మోతాదైనా సరే తమ వైద్యుణ్ణి అడిగే మొదలుపెట్టాలి.

ఇక "నీరసంగా ఉంది డాక్టరుగారూ, డి విటమిన్ తగ్గిందేమో" అనేవాళ్ళకు ఒక మాట. మనలో డి విటమిన్ తక్కువ ఉండడం ఎంత సామాన్యమంటే, నీరసంతో వచ్చిన ఎవరిని పరీక్షించినా అది తక్కువగా కనబడే అవకాశం ఉంది. అది దొరికిందని అక్కడితో వెతకడం ఆపేస్తే అసలు కారణం మరుగున పడిపోతుంది. రక్తహీనత, థైరాయిడ్, బి12, మధుమేహం, నిద్ర, మనసు బాధ, వీటిని కూడా చూడాలి.

చివరిగా, ఈ వేసవిలో మీ దగ్గరికి అమ్మానాన్నలో అత్తమామలో వస్తుంటే, ఆవకాయ జాడీలతోపాటు వాళ్ళు తెచ్చుకున్న మందుల సంచీ ఒకసారి విప్పి చూడండి. అందులో అరవై వేల పొట్లాలుంటే, ఎవరు రాశారు, ఎన్ని వారాలకు రాశారు, ఎన్నాళ్ళకొకటి వేసుకుంటున్నారు అని అడగండి. నేను ఫోనులో అడగవలసిన ప్రశ్న అదే. అడిగి ఉంటే అర నిమిషం పట్టేది.

పిన్ని ఇప్పుడు ఉదయం పదకొండింటికి డాబామీద బట్టలు ఆరేస్తుంది. నీడ పొట్టిగా ఉన్నప్పుడే వెళ్ళమని చెప్పాను. నేనిక్కడ అల్పాహారంతో పాటు 400 యూనిట్ల మాత్ర ఒకటి వేసుకుంటాను, జనవరిలోనూ, జులైలోనూ.